దొప్ప కట్టే చేతికి నానో ల్యాబ్ ఎందుకంత దూరం?



పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చేసుకుని చదవండి. మొదట్లో సైన్సులా ఉంటుంది, కానీ పోనుపోనూ మన బడుల దగ్గరికి, మన సీట్ల దగ్గరికి, మన ఫెలోషిప్‌ల దగ్గరికే వస్తుంది.

నా మాట ముందే సూటిగా చెప్పేస్తాను. ప్రపంచంలో పెద్ద పెద్ద ల్యాబుల్లో ఇప్పుడు పల్చటి రేకుల్ని కత్తిరించి, మడిచి, కంటికి ఆననంత చిన్న చిన్న ఆకారాల్ని నిలబెడుతున్నారు. ఈ పనికి నానో కిరిగామి అని పేరు పెట్టారు. పల్చటి వస్తువు ఎలా వంగుతుంది, ఎక్కడ చిరుగుతుంది, ఏ మడత పడితే గట్టిపడుతుంది అన్న జ్ఞానం ఆ పనికి పునాది. ఆ జ్ఞానం అడ్డాకుతో దొప్ప కట్టే ప్రతి చేతిలోనూ ఉంది. అయినా ఆ ల్యాబుల దాకా మన పిల్లలు వెళ్లడం చాలా అరుదు. తెలివి లేక కాదు, దారి లేక. ఆ దారి అడగాల్సింది మనమే, ఇప్పుడే.

కొందరు వెంటనే అంటారు, "బళ్లో లెక్కల సారు లేడు, హాస్టల్లో నీళ్లు లేవు, మనకి నానోతో ఏటి పని?" అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు కింద చెబుతాను. ముందు అసలు విషయం ఏటో చూద్దాం.

జపాన్ భాషలో కిరు అంటే కత్తిరించడం, కామి అంటే కాగితం. రెండూ కలిసి కిరిగామి. ఒరిగామి అంటే మడత మాత్రమే, కత్తెర ఉండదు. కిరిగామిలో ముందు గాట్లు పెడతారు, తరవాత లేపుతారు. పుస్తకం పేజీ తెరిస్తే లోపల ఇల్లో, పువ్వో లేచి నిలబడే బొమ్మల పుస్తకాలు మీరు చూసే ఉంటారు. అదే సంగతి. కాగితం చదునుగా ఉన్నప్పుడే కోతంతా అయిపోతుంది. లేచేది తరవాత.

ల్యాబులకి ఈ ఆట ఎందుకు కావాల్సి వచ్చింది? మన ఫోన్లో చిప్పు తయారయ్యే పద్ధతి చూడండి. అది అచ్చు గుద్దడం లాంటిది. చదునైన పలక మీద ఒక పొర, దాని మీద ఇంకో పొర, అలా వేసుకుంటూ పోతారు. చదునుగా ఎంత చిన్న గీతైనా గీయగలరు. కానీ నిలువుగా లేచినది, మెలి తిరిగినది, గాల్లో వంపు తిరిగి నిలిచినది కావాలంటే ఆ పద్ధతిలో చాలా కష్టం. అందుకని వాళ్లు ఒక ఉపాయం పట్టారు. పనంతా చదునుగా ఉండగానే చేసేద్దాం, చివర్లో అదే లేచి నిలబడేలా చేద్దాం అని. కత్తిరింపు, మడత అక్కడ పనికొచ్చాయి.

కొలత ఒకసారి మనసులో పెట్టుకోండి. ఒక మీటరుని వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం నానోమీటరు. మన తలవెంట్రుక మందం రమారమి 80,000 నుంచి 1,00,000 నానోమీటర్లు. 2018 జులైలో చైనా, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి సైన్స్ అడ్వాన్సెస్ అనే పత్రికలో ఒక వ్యాసం వేశారు. చైనా సైన్స్ అకాడమీ వాళ్ల భౌతికశాస్త్ర సంస్థ నుంచి జియాఫాంగ్ లీ, ఎంఐటీ నుంచి నికొలస్ ఫాంగ్ లాంటివాళ్లు ఆ బృందంలో ఉన్నారు. వాళ్లు తీసుకున్న బంగారు రేకు మందం 80 నానోమీటర్లు. అంటే వెంట్రుకలో సుమారు వెయ్యో వంతు.

అంత చిన్న రేకుని కత్తిరించే కత్తెర ఏది? మడిచే వేలు ఏది? రెండు పనులకీ వాళ్లు ఒకే పరికరం వాడారు. గాలియం అనే లోహపు అయాన్లని సన్నటి ధారలా చేసి రేకు మీదికి కొడతారు. ఒకచోట ధార గట్టిగా పడితే రేకు తెగిపోతుంది. అదీ కత్తెర. ఇంకోచోట తేలిగ్గా ఊదినట్టు పడితే తెగదు, కానీ పైపొరలో అణువులు కదిలిపోయి ఖాళీలు ఏర్పడతాయి, పైపొర బిగుసుకుంటుంది. కిందిపొర అలాగే ఉంటుంది. పైన బిగిసి కింద బిగియకపోతే ఏమవుతుంది? రేకు పైకి లేస్తుంది. అదీ వేలు. ఎవరూ ముట్టుకోకుండానే చదును రేకులోంచి గాలిపంకా రెక్కల్లాంటి ఆకారాలు మెలి తిరిగి లేచాయి.

ఈ ముక్క చదివినప్పుడు మీకు ఏం గుర్తొచ్చింది? నాకైతే ఎండలో ఆరబోసిన ఆకు గుర్తొచ్చింది. కోసిన అడ్డాకుని అలాగే ఎండలో వదిలేస్తే అంచులు ముడుచుకుని లేస్తాయి. ఒక వైపు ఎక్కువ ఆరి ముడుచుకుంటుంది, రెండో వైపు అంత ముడుచుకోదు, ఆకు ఒంగిపోతుంది. అందుకే మనవాళ్లు ఆకులు కట్టలు కట్టి బరువు పెడతారు, చదునుగా ఆరాలని. ఇళ్లల్లో మనం వద్దనుకుని అణిచిపెట్టే గుణాన్నే వాళ్లు కావాలని వాడుకున్నారు. సూత్రం అదే, ఎండ బదులు అయాన్ల ధార.

ఇక దొప్ప సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు లెక్కలు అక్కడే ఉన్నాయి.

ఒక చదును కాగితం తీసుకోండి. గొట్టంలా చుట్టొచ్చు, పొట్లంలా చుట్టొచ్చు. కానీ ముడత పడకుండా గిన్నెలా చెయ్యగలరా? చెయ్యలేరు. బంతి మీద కాగితం అతికించి చూడండి, ఎక్కడో ఒకచోట ముడత పడాల్సిందే, లేదా చిరగాల్సిందే. ఎందుకలా అన్నది 1827లో గౌస్ అనే జర్మన్ గణితజ్ఞుడు నిరూపించాడు. సాగకుండా వంగే రేకుకి కొన్ని ఆకారాలే సాధ్యం. గిన్నె ఆకారం రావాలంటే అంచు దగ్గర ఆకు ఎక్కువైపోతుంది. ఆ ఎక్కువైన ఆకుని ఎక్కడో దాచాలి. మన అమ్మలూ, అప్పలూ ఏం చేస్తారు? అంచుని ఒకచోట మడిచి, మడత మీద మడత వేసి, సన్నటి పుల్ల గుచ్చేస్తారు. ఎక్కువైనదంతా ఆ మడతలోకి పోయింది. పుల్ల దాన్ని పట్టుకుంది. దొప్ప నిలబడింది, పులుసు పోసినా కారదు. గౌస్ పేరు వినకపోయినా గౌస్ చెప్పిన చిక్కుని రోజుకి వందసార్లు విప్పుతున్నారన్నమాట.

ఇంకో సంగతి. లేత అరిటాకు ముక్కని అంచు పట్టుకుని ఎత్తితే వాలిపోతుంది. అదే మధ్యలో కొంచెం నొక్కి దోనెలా వంచి పట్టుకుంటే ముందుకి నిటారుగా నిలుస్తుంది. ఒక దిక్కున వంచితే రెండో దిక్కున గట్టిపడుతుంది. తాటాకుకి పుట్టుకతోనే మడతలు ఉంటాయి కాబట్టే అంత పల్చగా ఉన్నా గాలికి ఆగుతుంది. వానాకాలంలో పొలంలో తల మీద వేసుకునే గిడుగుకీ, ఇంటి కప్పుకీ పనికొస్తుంది. ఇంటి మీద వేసే ఇనుప రేకుకి అలలు అలలుగా మడతలు ఎందుకు పెడతారనుకున్నారు? అదే కారణం.

మందం లెక్క ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. రేకు మందం సగం చేస్తే వంచడానికి కావాల్సిన బలం సగం కాదు, ఎనిమిదో వంతు అయిపోతుంది. అందుకే మందం నానోమీటర్లకి దిగేసరికి ఎంత గట్టి లోహమైనా ఆకులా వంగుతుంది. బంగారమైనా, సిలికాన్ అయినా.

2015లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మెలీనా బ్లీస్, పాల్ మెక్‌యూయెన్ వాళ్ల బృందం గ్రాఫీన్‌తో ఈ పని చేసింది. గ్రాఫీన్ అంటే ఒకే ఒక్క అణువు మందం ఉన్న కార్బన్ రేకు. దాంట్లో గాట్లు పెట్టి స్ప్రింగులా సాగదీశారు. వాళ్లు చెప్పిన ఒక మాట మన పిల్లలందరికీ చేరాలి. ఒక రేకు ఎంత తేలిగ్గా వంగుతుంది, ఎంత కష్టంగా సాగుతుంది అన్నది కలిపి చెప్పే ఒక సంఖ్య ఉంది. ఆ సంఖ్య చూస్తే గ్రాఫీనూ, మామూలు కాగితమూ ఇంచుమించు ఒక్కలాగే ప్రవర్తిస్తాయట. అంటే కాగితం మీద పనిచేసిన గాటు అణువు మందం రేకు మీద కూడా పనిచేస్తుందని నమ్మకంగా మొదలుపెట్టొచ్చు.

దీని అర్థం ఏటో ఆలోచించండి. కోట్ల రూపాయల యంత్రం చివర్లో కావాలి. కానీ ఆలోచన పుట్టే చోట కావాల్సింది కాగితం, కత్తెర, స్కేలు, ఓపిక. ఒక ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్ల కాగితానికి గాట్లు పెట్టి, ఎంత బరువు వేలాడదీస్తే ఎంత సాగిందో కొలిచి పుస్తకంలో రాసుకుంటే, అది ఆటబొమ్మ కాదు, నిజమైన ప్రయోగమే. రాకెట్ గురించి, అణువు గురించి ఇలా అనలేం. కత్తిరింపు, మడత గురించి అనగలం.

ఇదంతా దేనికి పనికొస్తుంది అంటారా? ఆ మెలి తిరిగిన బంగారు రెక్కలు కుడివైపు తిరిగే వెలుగునీ, ఎడమవైపు తిరిగే వెలుగునీ వేరువేరుగా చూస్తాయి. మన శరీరంలో అణువులకి కూడా కుడి చెయ్యి, ఎడమ చెయ్యి లాంటి తేడా ఉంటుంది, మందుల్లోనూ ఉంటుంది. ఆ తేడా కనిపెట్టే పరికరాలకి ఇలాంటి ఆకారాలు దారి చూపిస్తాయని ఆశ. జాన్ రోజర్స్ బృందం సాగదీసిన రబ్బరు మీద పల్చటి సిలికాన్ రేకుని అక్కడక్కడా అతికించి, రబ్బరుని వదిలేసి, రేకు దానంతటదే గూడులా లేచేలా చేసింది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ గ్రేసియస్ బృందం నక్షత్రంలా కత్తిరించిన చిన్న రేకులు శరీరం వేడికి వేళ్లు ముడిచినట్టు ముడుచుకునేలా చేసింది. 2020లో వాళ్లు చూపించినవి పేగు గోడని పట్టుకుని మందు మెల్లగా వదిలేవి. జంతువుల మీద పరీక్షించారు. ఆ ఊహ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? కొంకిపురుగు నుంచి. చెప్పుల్లేని కాళ్లలోంచి ఎక్కి మన కొండల మీద పిల్లల రక్తం తాగే ఆ పురుగే. దాని వల్ల వచ్చే రక్తహీనత మనకి తెలుసు. దాని పట్టు చూసి పరికరం చెయ్యొచ్చన్న ఊహ మాత్రం వేరేచోట పుట్టింది.

నిజం చెప్పుకోవాలి, ఇవన్నీ ఇంకా ల్యాబు గుమ్మం దాటి ఆసుపత్రికి రాలేదు. రేపే మన పీహెచ్‌సీలో దొరుకుతాయని నేను చెప్పడం లేదు. కానీ ఇదే కత్తిరింపు, మడత ఇప్పటికే బయటికి వచ్చిన చోట్లు ఉన్నాయి. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న మను ప్రకాష్ 2014లో ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోపు గురించి లోకానికి చెప్పారు. ఒక అట్ట మీద అచ్చువేసిన ముక్కల్ని విడదీసి, మడిచి, చిన్న గాజుపూస లాంటి కటకం పెడితే మైక్రోస్కోపు అయిపోతుంది. మామూలుగా దొరికే రకం సుమారు 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది.

2017లో అదే బృందం కాగితపు సెంట్రిఫ్యూజ్ చేసింది. సోడా మూతని సుత్తితో చదును చేసి, రెండు చిల్లులు పొడిచి, దారం ఎక్కించి, రెండు చేతులా లాగి గిర్రున తిప్పే ఆట మనందరం ఆడిందే కదా. అచ్చం అదే. కాగితపు బిళ్లలో సన్నగొట్టంతో రక్తం పెట్టి తిప్పితే నిమిషానికి 1,25,000 చుట్ల వేగం వరకు వచ్చింది. ఖర్చు 20 అమెరికన్ సెంట్లు, కరెంటు అక్కర్లేదు. ఒకటిన్నర నిమిషంలో రక్తం పొరలుగా విడిపోతుంది. రక్తహీనత ఎంతుందో చెప్పొచ్చు, ఇంకాసేపు తిప్పితే మలేరియా క్రిమిని వేరుచేసి చూడొచ్చు.

మలేరియా, రక్తహీనత, సికిల్ సెల్. ఈ మూడు పేర్లు మన్యంలో ఎవరికీ కొత్త కావు. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 2047 నాటికి ఈ జబ్బు సమస్య లేకుండా చెయ్యాలని, ఏడు కోట్ల మందికి పరీక్షలు చెయ్యాలని లక్ష్యం పెట్టుకుంది. ఏడు కోట్ల పరీక్షలంటే కొండెక్కి, వాగు దాటి, కరెంటు లేని ఇంటి గుమ్మంలో చేసే పరీక్షలు కూడా అందులో ఉంటాయి. అక్కడికి ఎలాంటి పరికరం కావాలో ఆ కొండ మీద పుట్టిన వాడికి తెలిసినంతగా ఏసీ గదిలో కూర్చున్నవాడికి తెలుస్తుందా? నేను ల్యాబులో మన పిల్లలు ఉండాలంటున్నది జాలి కోసం కాదు, పని బాగా అవడం కోసం.

ఇక్కడ రెండు గోతులు ఉన్నాయి. రెండింట్లోనూ మనం పడకూడదు.

మొదటిది ఉత్త గొప్పల గొయ్యి. "నానో టెక్నాలజీ మా తాతలకి ఎప్పుడో తెలుసు" అని వాట్సాప్‌లో తిప్పుకోవడం. తాతలకి నానో తెలియదు. తెలియనవసరమూ లేదు. వాళ్లకి తెలిసింది ఆకు. ఏ నెలలో కోస్తే ఆకు గట్టిగా ఉంటుంది, ఏ ఈనె వైపు మడిస్తే చిరగదు, ఎన్నాళ్లు ఆరితే పెళుసెక్కదు అన్నది. అది చిన్న జ్ఞానం కాదు. దానికి తప్పుడు పేరు తగిలిస్తే దాని విలువ పెరగదు, పోతుంది. ఆకు తెలియడం వేరు, అయాన్ల ధార తెలియడం వేరు. మొదటిది తెలిసిన చేతికి రెండోది నేర్చుకోవడం సులువు అన్నంత వరకే మన వాదన. అది చాలు.

రెండోది "మనకెందుకు" అన్న గొయ్యి. ఇది ఇంకా లోతైంది. మనకి టీచరు, పోలీసు, గ్రామ సచివాలయం, ఏఎన్‌ఎం ఉద్యోగాలే ఉద్యోగాలని చిన్నప్పటి నుంచి చెప్పీ చెప్పీ ఊహనే చిన్నది చేసేశారు. ఆ ఉద్యోగాలు తక్కువవని కాదు. వాటి వల్లే ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి, మా ఇల్లు కూడా. కానీ భౌతికశాస్త్రం, పదార్థ విజ్ఞానం అంటే అవి మనవి కావన్న మాట ఎవరు చెప్పారు? నేను చదివిన ఒక కాలేజీలో మైక్రోస్కోపుని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. పిల్లలు పాడుచేస్తారని భయం. ఏడాదంతా బొమ్మ గీయడం, పరీక్ష రోజున ఒక్కసారి దూరం నుంచి చూడటం. ఆకు చిరగకుండా పుల్ల గుచ్చే చేతులు అద్దం పగలగొడతాయని అనుకున్నారన్నమాట! ఆ తాళం సామాన్లకి వేసింది కాదు, మన మీద ఉన్న నమ్మకానికి వేసింది.

నేను ఈ మాటలు శ్రీముఖలింగం దగ్గర కూర్చుని రాస్తున్నాను కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఇక్కడి దేవుడు మధుకేశ్వరుడు. మధుకం అంటే ఇప్పచెట్టు. స్థలపురాణంలో సవరల నాయకుడు గొడ్డలితో ఇప్పచెట్టు నరికితే ఆ మొదట్లో దేవుడు కనిపించాడని కథ. గుడి గొప్పది, గాంగరాజుల నాటిది, శాసనాలు నిండా ఉన్నాయి. ఆ కథలో మొదటి మనిషి సవరవాడే. మరి కథలో మొదట ఉన్నవాడు చరిత్ర పుస్తకంలో ఎక్కడున్నాడు? చెట్టు మనది, గొడ్డలి మనది, పేరు మాత్రం కథ వరకే. సైన్సులో కూడా ఇలాగే అవుతుందని నా భయం. ఆకు మనది, మడత మనది, పేపరు మీద పేరు ఇంకొకరిది.

ఇదే ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి పుట్టారు. తెలుగు భాషా దినోత్సవం ఆయన పేరు మీదే చేస్తారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరూ చెబుతారు. కానీ ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే పుస్తకాలు రాశారన్నది మన బయట తక్కువ మంది చెబుతారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. కొండల్లో తిరిగి మన్యం జ్వరం తగిలి, దానికి క్వినైన్ వాడగా వాడగా వినికిడి పోయిందని చెబుతారు.

ఆయన పనిలో మనం తీసుకోవాల్సిన పాఠం ఏటంటే, పిల్లవాడికి తెలిసిన మాట నుంచి మొదలుపెట్టి తెలియని దాని దగ్గరికి తీసుకెళ్లాలి. కిరిగామి అన్న మాట ఇవాళ ప్రపంచ సైన్సు పత్రికల్లో ఎలా నిలబడింది? జపాన్‌లో ఇంట్లో చేసే పనిని బడిలో, ఫ్యాక్టరీలో, అంతరిక్షంలో కూడా చిన్నచూపు చూడలేదు. కొర్యో మియురా అనే ఆయన కాగితం మడత మీద పనిచేస్తే, 1995లో ఆ మడతతోనే సోలార్ పలకని ముడిచి అంతరిక్షంలో విప్పారు. ఇంటి మడత అంతరిక్షానికి వెళ్లింది, దాంతో పాటు పేరూ వెళ్లింది. మన దొప్పకి, మన విస్తరికి, మన తాటాకు అల్లికకి అలాంటి ప్రయాణం లేదు. ఎందుకంటే వాటిని చేసే ఇళ్ల నుంచి ల్యాబు దాకా మనిషి వెళ్లలేదు. మనిషి వెళ్తేనే మాట వెళ్తుంది.

సరే, మొదట్లో వదిలేసిన ప్రశ్న. లెక్కల సారు లేని చోట నానో ఎందుకు? నా జవాబు ఇది. లెక్కల సారు కావాలని అడగడానికే ఇది ఇంకో కారణం. కనీస సౌకర్యాలు వచ్చాక పెద్ద కలలు కందాం అని ఆగితే ఆ "వచ్చాక" ఎప్పటికీ రాదు. పెద్ద కల ఉన్నవాళ్లే కనీస సౌకర్యం గట్టిగా అడుగుతారు. కాబట్టి మన సంఘాలు వినతిపత్రాల్లో హాస్టల్ మెనూతో పాటు ఇవి కూడా రాయాలని నా కోరిక.

ఒకటి. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో, ఏకలవ్య పాఠశాలల్లో వారానికి ఒక పీరియడ్ చేతిపని సైన్సు. కాగితం, కత్తెర, దారం, తూకం, ఫోల్డ్‌స్కోప్. దీనికి పెద్ద బడ్జెట్ లేదన్న సాకు చెల్లదు. ఆకు కుట్టే అమ్మని ఒక రోజు బడికి పిలవండి. ఆవిడ కడుతూ ఉంటే లెక్కల సారు వృత్తం, చాపం, కోణం చెప్పాలి. ఆవిడకి ఆ రోజు గౌరవ వేతనం ఇవ్వాలి. ఊరికే పిలిచి ఫొటో తీసుకోవడం వద్దు.

రెండు. మన చుట్టూ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది, జేఎన్‌టీయూ గురజాడ ఉంది, ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. వీటిలో ఎక్కడైనా అడ్డాకు మీద ఒక ప్రాజెక్టు పెట్టమని అడుగుదాం. ఆకు ఎంత బరువు మోస్తుంది, తడిస్తే ఎంత బలం పోతుంది, ఎలాంటి మడత పెడితే పుల్ల లేకుండా దొప్ప నిలుస్తుంది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు దేశమంతా నిషేధం. అంటే ఆకు ప్లేటుకి గిరాకీ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మనకి హక్కు ఇచ్చింది. ఆకు ఏరి కట్ట కట్టి సంతలో అమ్మేదాకానా ఆ హక్కు? మంచి డిజైను కూడా మనదే అయితే లాభం కొండ మీదే ఉంటుంది. లేకపోతే కింద మిషన్ పెట్టినవాడికే పోతుంది.

మూడు. పై చదువులు. డిగ్రీలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, బీఎస్సీ అయ్యాక బీఈడీ ఒక్కటే దారి కాదు. జామ్ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు, గేట్ రాయొచ్చు, ఎస్టీ రిజర్వేషన్ ఉంది. బెంగళూరు ఐఐఎస్సీలో నానో సైన్సు కేంద్రం ఉంది, బయటి కాలేజీల వాళ్లకి శిక్షణ ఇచ్చి యంత్రాల మీద పనిచేయనిచ్చే పథకం అక్కడా, ఐఐటీ బొంబాయిలోనూ నడిచింది. పీహెచ్‌డీకి గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 మందికి ఫెలోషిప్ ఇస్తుంది. విదేశాల్లో చదవడానికి ఏటా 20 మందికి స్కాలర్‌షిప్ ఉంది. దేశంలో పది కోట్లకి పైగా ఆదివాసీలం, విదేశీ స్కాలర్‌షిప్‌లు 20. ఈ సంఖ్య పెంచమని అడగాలి. దాంతో పాటు ఉన్న సీట్లు ఖాళీగా పోకుండా మనమే చూసుకోవాలి. మన గ్రూపులో ఎవరైనా ఈ దారిలో వెళ్లినవాళ్లు ఉంటే, ఏ నెలలో అప్లై చెయ్యాలి, ఏ కాగితాలు కావాలి, ఇంటర్వ్యూలో ఏం అడిగారు అన్నది వివరంగా పోస్టు పెట్టండి. పొగడ్తల కంటే ఆ ఒక్క పోస్టు ఎక్కువ మందికి పనికొస్తుంది.

నాలుగు. మాటలు. సవరలో, కువిలో, కొండ భాషలో, గదబలో మడతకి ఏమంటారు? ఆకు అంచుకి, ఈనెకి, గాటుకి, మెలికకి, ఆరి ముడుచుకోవడానికి ఏమంటారు? ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయండి. ఒక్కో పనికి వాళ్ల దగ్గర వేరువేరు మాటలు ఉంటాయి. ఆ మాటలతో ఒక చిన్న పుస్తకం చేద్దాం. రేపు మన పిల్ల ఒకతి ల్యాబులో కొత్త ఆకారం నిలబెడితే, దానికి పేరు పెట్టడానికి మాట సిద్ధంగా ఉండాలి కదా.

చివరిగా ఒక పని చెబుతాను. ఈ ఆదివారం ఒక తెల్లకాగితం తీసుకోండి. పొడవుగా గీతలు గీసి, మొదటి వరస గాట్లు, వాటి మధ్య ఖాళీల్లోకి వచ్చేలా రెండో వరస గాట్లు, ఇటుకలు పేర్చినట్టు పెట్టుకుంటూ వెళ్లండి. రెండు చివర్లా పట్టుకుని మెల్లగా లాగండి. సాగని కాగితం సాగుతుంది, చదునుగా ఉన్నది లేచి వలలా నిలబడుతుంది. ఎన్ని గాట్లకి ఎంత సాగిందో కొలిచి రాసుకోండి. ఇంట్లో తమ్ముడికో, చెల్లికో చూపించండి. "ఇది బంగారంతో, వెంట్రుకలో వెయ్యో వంతు మందంతో చేస్తున్నారు, నువ్వూ చెయ్యొచ్చు" అని చెప్పండి. ఆ వాక్యంలో చివరి ముక్క మన పిల్లలకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మనం చెబుదాం.

జోహార్.